తాళం వేశాం, గొళ్ళెం మరిచాం

మన సాఫ్ట్‌వేర్ జనాలు దేని మీదైనా గంటలు గంటలు వాదించుకోగలరు. ట్యాబులా స్పేసులా, జాంగోనా ఫ్లాస్కా, ఫంక్షన్ వ్యూలా క్లాస్ వ్యూలా.. క్యాంటీన్‌లో టీ చల్లారిపోయినా వాదన చల్లారదు. అదే సెట్టింగ్స్ ఫైలు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: "అది ఎవరో ఎప్పుడో పెట్టారులే, పని చేస్తోంది కదా, ముట్టుకోకు."

నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే. ఒక జాంగో ప్రాజెక్టులో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఫైలు ఏదంటే సెట్టింగ్స్ డాట్ పై. డేటాబేసు పాస్‌వర్డు అక్కడే, మెయిల్ పాస్‌వర్డు అక్కడే, సైటు గుట్టంతా ఎవరికి చూపించాలో ఎవరికి చూపించకూడదో తేల్చే ఒక్క లైనూ అక్కడే. అయినా సరే, మన టీముల్లో ఆ ఫైలుని రివ్యూ చేసేవాడు లేడు, టెస్టు చేసేవాడు లేడు, "ఇది నాది" అనేవాడు అసలే లేడు. ఊరుమ్మడి బావి లాంటిదన్నమాట. అందరూ తోడుకుంటారు, పూడిక మాత్రం ఎవరూ తియ్యరు.

ఈ టపాలో నా వాదన ఒక్కటే. సెట్టింగ్స్ సరిగ్గా పెట్టడం అంటే ఏదో అందమైన ఫోల్డర్లు కట్టుకోవడం కాదు. తప్పు జరిగినప్పుడు ప్రోగ్రాం గట్టిగా అరిచి ఆగిపోవాలా, లేక నోరు మూసుకుని తప్పుడు దారిలో నడవాలా అన్నదే అసలు ప్రశ్న. మనం వాడే పద్ధతుల్లో చాలా మటుకు రెండో రకానివే. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు కాస్త చరిత్ర. జాంగో పుట్టింది అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్ళో, లారెన్స్ జర్నల్ వరల్డ్ అనే పత్రిక ఆఫీసులో. 2005లో అందరికీ ఓపెన్ సోర్సుగా ఇచ్చారు. ఆ పుట్టుమచ్చ ఇప్పటికీ పోలేదు. మీ సెట్టింగ్స్‌లోంచి టైమ్ జోన్ లైను తీసేసి చూడండి, జాంగో మిమ్మల్ని అమెరికా షికాగో టైముకి తీసుకుపోతుంది. మనకి ఏషియా కోల్‌కతా అని విడిగా చెప్పుకోవాల్సిందే. డిఫాల్టు అంటే ఏంటో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు: ఎప్పుడో, ఎక్కడో, ఎవరో తమ అవసరానికి పెట్టుకున్న విలువ, మీకు తెలియకుండా మీ నెత్తిన కూర్చోవడం.

ఇంకో తమాషా. జాంగో లోపల గ్లోబల్ సెట్టింగ్స్ అని ఒక ఫైలు ఉంటుంది. అందులో డీబగ్ విలువ ఫాల్స్. అంటే మీరేమీ చెప్పకపోతే అది జాగ్రత్తగానే ఉంటుంది. కానీ స్టార్ట్‌ప్రాజెక్ట్ అని కొట్టగానే తయారయ్యే మీ సెట్టింగ్స్ ఫైల్లో డీబగ్ విలువ ట్రూ. పైన కామెంటు కూడా రాసి ఉంటుంది, దీన్ని ఆన్‌లో పెట్టి ప్రొడక్షన్లో నడపకురా నాయనా అని. ఆ కామెంటుని మనం ఎలా చదువుతామంటే, సిగరెట్ పెట్టె మీద బొమ్మని చూసినట్టు చూస్తాం. చూస్తాం, వెలిగిస్తాం.

సరే, ఇహ మన సంప్రదాయాల సంగతి.

మొదటిది ఉమ్మడి కుటుంబ పద్ధతి. ఒకటే సెట్టింగ్స్ ఫైలు. అందులోనే పాస్‌వర్డులు, అందులోనే సీక్రెట్ కీ, అందులోనే ఎస్సెమ్మెస్ గేట్‌వే తాళాలు, మొత్తం గిట్‌లో కమిట్. అడిగితే "మనది ప్రైవేటు రిపోయే కదా" అంటారు.

ప్రైవేటు అంటే ఎంతమందికి ప్రైవేటు? మన సర్వీసు కంపెనీల లెక్క మనకి తెలియనిది కాదు. క్లయింటు వాళ్ళు కొందరు, వెండరు మనుషులు కొందరు, ఆ వెండరు కింద ఇంకో వెండరు, నోటీసు పీరియడ్లో ఉన్నవాడు, నోటీసు అయిపోయినా అకౌంటు తియ్యనివాడు, బెంచి మీద నుంచి రెండు వారాలకి వచ్చి పోయినవాడు. వీళ్ళందరి ల్యాప్‌టాపుల్లోనూ రిపో మొత్తం కాపీ ఉంటుంది. గిట్ అంటేనే అది. పైగా "అర్జంటుగా కోడు పంపు" అంటే జిప్ చేసి వాట్సాప్‌లో పంపే మహానుభావులు ప్రతి టీములోనూ ఒకరుంటారు. ఇంతమంది చేతుల్లో ఉన్నదాన్ని రహస్యం అనరండీ, పుకారు అంటారు.

ఉత్తుత్తి భయాలు కావివి. ఊబర్ సంగతే చూడండి. 2016లో దొంగలు ఆ కంపెనీ ఇంజనీర్లు వాడే గిట్‌హబ్ ప్రైవేటు రిపోలోకి దూరారు. అక్కడ దొరికిన తాళాలతో అమెజాన్ క్లౌడ్‌లోకి వెళ్ళి 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు ఎత్తుకెళ్ళారు. కంపెనీ ఆ విషయాన్ని దాచిపెట్టి, దొంగలకి లక్ష డాలర్లు ఇచ్చి, 2017 నవంబరులో గానీ బయటపెట్టలేదు. ఆఖరికి 2018లో అమెరికా రాష్ట్రాలతో 14 కోట్ల 80 లక్షల డాలర్లకి రాజీ పడాల్సి వచ్చింది. మళ్ళీ చెబుతున్నా, అది ప్రైవేటు రిపోనే.

టొయోటా కథ మనకి ఇంకా దగ్గరిది. టీ కనెక్ట్ అనే వాళ్ళ సర్వీసు సోర్సు కోడులో కొంత భాగాన్ని ఒక సబ్ కాంట్రాక్టరు గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టేశాడు. అందులో డేటా సర్వరు తాళం నేరుగా రాసి ఉంది. 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా, అంటే దాదాపు ఐదేళ్ళు, ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది కస్టమర్ల ఈమెయిల్ చిరునామాలు బయటపడి ఉండొచ్చని 2022 అక్టోబరులో ప్రకటించారు. సబ్ కాంట్రాక్టరు అన్న మాట చదివినప్పుడు హైదరాబాదులో కూర్చున్న మనలో ఎంతమందికి భుజాలు తడుముకోవాలనిపిస్తుందో ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలి.

"పొరపాటున కమిట్ అయింది, తర్వాతి కమిట్‌లో తీసేశాం" అనేవాళ్ళకి ఒక మాట. గిట్ మర్చిపోదు. పాత కమిట్‌లోకి వెళ్తే మీ పాస్‌వర్డు పదిలంగా అక్కడే కూర్చుని ఉంటుంది. చరిత్ర తిరగరాసినా, అప్పటికే క్లోన్ చేసుకున్నవాళ్ళ దగ్గర అలాగే ఉంటుంది. కాబట్టి ఒకసారి బయటికెళ్ళిన తాళానికి ఒకటే మందు: తాళం మార్చడం. ఫైలు తీసెయ్యడం కాదు.

రెండోది దొంగచాటు పద్ధతి. సెట్టింగ్స్ ఫైలు చివర్లో ఒక ట్రై, లోపల "లోకల్ సెట్టింగ్స్ నుంచి అన్నీ ఇంపోర్ట్ చెయ్యి", కింద "ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే పాస్". ఆ లోకల్ ఫైలు మాత్రం గిట్ ఇగ్నోర్‌లో. దీన్ని చూసి చాలామంది "భలే తెలివైన ఏర్పాటు" అనుకుంటారు. రహస్యాలు గిట్‌లో లేవు కదా!

లేవు. అవి ఎక్కడున్నాయో కూడా ఎవరికీ తెలియదు. సర్వరు మీద ఎవరో మూడేళ్ళ కింద వీఐలో తెరిచి రాసిన ఫైలు అది. రాసినవాడు ఇప్పుడు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. ఆ సర్వరు పోయిన రోజున అందులో ఏముందో చెప్పే నాథుడు ఉండడు.

అంతకంటే ఘోరం ఆ "పాస్". లోకల్ ఫైలు లేకపోతే మాత్రమే కాదు, ఆ ఫైలు లోపల ఇంకేదో లైబ్రరీ దొరక్క ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చినా ఆ పాస్ మింగేస్తుంది. అప్పుడు ప్రొడక్షన్ సర్వరు ఏ విలువలతో లేస్తుంది? పైన ఉన్న డెవలప్‌మెంట్ విలువలతో. డీబగ్ ట్రూతో. ఒక్క ఎర్రరూ లేకుండా, ఒక్క హెచ్చరికా లేకుండా, పచ్చటి టిక్కుతో డిప్లాయ్ అయిపోతుంది. ఇంట్లో కుక్కని పెంచుకుని, దాని మూతికి గుడ్డ కట్టి పడుకోవడం అన్నమాట.

మూడోది వేరు కాపురాల పద్ధతి. బేస్ ఒకటి, లోకల్ ఒకటి, స్టేజింగ్ ఒకటి, ప్రొడక్షన్ ఒకటి. 2013లో మొదటిసారి వచ్చిన టూ స్కూప్స్ ఆఫ్ జాంగో పుస్తకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. రాసిన డానియెల్, ఆడ్రీ రాయ్ గ్రీన్‌ఫెల్డ్ దంపతులు రహస్యాలని వెర్షన్ కంట్రోల్ బయటే ఉంచమన్నారు కూడా. పైన చెప్పిన రెండిటికన్నా ఇది ఎన్నో రెట్లు నయం, కాదనను. ఏ ఫైల్లో ఏముందో అందరికీ కనిపిస్తుంది, అన్నీ గిట్‌లో ఉంటాయి.

కానీ మన చేతుల్లో పడి అది ఏమైందో చూడండి. క్లయింటుకొకటి, డెమోకొకటి, "న్యూ ప్రొడక్షన్", "ప్రొడక్షన్ ఫైనల్", "ప్రొడక్షన్ ఫైనల్ టూ".. పెళ్ళి వీడియోల సీడీల మీద రాసినట్టు పేర్లు. దేనికీ దానికీ తేడా ఏమిటో డిఫ్ తీస్తే తప్ప తెలియదు. పైగా మేనేజ్ డాట్ పై, డబ్ల్యూఎస్‌జీఐ ఫైళ్ళలో "సెట్టింగ్స్ మాడ్యూల్ ఏదీ చెప్పకపోతే ఇది వాడు" అని ఒక డిఫాల్టు ఉంటుంది కదా, అక్కడ చాలామంది లోకల్ అనే రాసి వదిలేస్తారు. సర్వరు మీద ఆ వేరియబుల్ పెట్టడం మర్చిపోతే? మళ్ళీ డెవలప్‌మెంట్ విలువలే, మళ్ళీ నిశ్శబ్దమే.

నాలుగోది ఆధునికుల పద్ధతి. "మేం అన్నీ ఎన్విరాన్మెంట్ వేరియబుల్స్‌లో పెడతాం, మేం ట్వెల్వ్ ఫ్యాక్టర్ వాళ్ళం" అని కాలరెగరేస్తారు. హెరోకూ పెట్టినవాళ్ళలో ఒకరైన ఆడమ్ విగ్గిన్స్ రాసిన ఆ పత్రంలో ఒక చక్కటి పరీక్ష ఉంది. ఈ క్షణంలో మీ కోడు మొత్తాన్ని ఓపెన్ సోర్సు చేసేస్తే ఏ తాళమూ బయటపడకుండా ఉంటుందా? ఉంటుందంటే మీ సెట్టింగ్స్ కోడు నుంచి విడిపడినట్టు. నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఇది. మీ ప్రాజెక్టు మీద ఒకసారి మనసులోనే పెట్టి చూసుకోండి, చెమటలు పడతాయి.

అయితే మన ఆధునికుల్లో చాలామంది ఆ పత్రం చదవలేదు, ఆ పత్రం గురించి విన్నారు. వాళ్ళు రాసే లైను ఇలా ఉంటుంది: డీబగ్ విలువని ఎన్విరాన్మెంట్‌లోంచి తీసుకో, లేకపోతే ఫాల్స్ అనుకో. చూడ్డానికి ఎంత బుద్ధిమంతుడి కోడులా ఉందో! సర్వరు మీద డీబగ్ ఈక్వల్స్ ఫాల్స్ అని రాస్తారు. హాయిగా నిద్రపోతారు.

ఎన్విరాన్మెంట్ వేరియబుల్స్ అన్నీ స్ట్రింగులే. పైథాన్‌లో ఖాళీగా లేని ఏ స్ట్రింగైనా సత్యమే. "ఫాల్స్" అన్న ఐదక్షరాల ఇంగ్లీషు స్ట్రింగు కూడా సత్యమే! అంటే మీరు డీబగ్ వద్దు అని మొత్తుకుంటూ రాసిన ఆ మాటే డీబగ్‌ని ఆన్ చేస్తుంది. అసలేమీ రాయకపోయి ఉంటే ఆఫ్‌లో ఉండేది. ఇంతకంటే క్రూరమైన హాస్యం ప్రోగ్రామింగ్‌లో ఇంకోటి లేదు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను పని చేసిన ఒక చోట పక్క టీములో జరిగింది. పిల్లల ఫీజులు కట్టించుకునే వెబ్‌సైటు. ఈ లైనే రాసి ఉంది. దానికి తోడు, స్టేజింగ్ సర్వరు ఐపీ మాటిమాటికీ మారుతోందని ఎలౌడ్ హోస్ట్స్‌లో ఒక నక్షత్రం గుర్తు పెట్టేశారు, అంటే ఏ పేరుతో వచ్చినా రానియ్యమని. అదే ప్రొడక్షన్‌కీ వెళ్ళింది. తాళం ఒకటి, గొళ్ళెం ఒకటి, రెండూ లేవు. ఒక పిల్ల తండ్రి రసీదు కోసం లింకు నొక్కితే ఎర్రరొచ్చి జాంగో పసుపు పచ్చ పేజీ తెరుచుకుంది. అందులో వేరే పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఎస్సెమ్మెస్ సర్వీసు లాగిన్ వివరాలు. ఆయన పాపం మంచాయన, స్క్రీన్‌షాట్ తీసి "ఇదేంటండీ" అని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గ్రూపు అంటే తెలుసుగా, గంటలో ఊరంతా.

తర్వాత జరిగిందే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రూట్ కాజ్ రిపోర్టు అని ఒకటి తయారుచేశారు. అందులో కారణం ఏం రాశారంటే, "డెవలపరు నిర్లక్ష్యం". ఆ డెవలపరు కాలేజీ నుంచి వచ్చి ఎనిమిది నెలలైన కుర్రాడు. "అన్నా, నేను ఫాల్సే పెట్టాను కదన్నా, మరి ఎలా ఆనైంది?" అని నన్నడిగాడు. వాడికి ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. ఆ కోడుని అప్రూవ్ చేసిన ఇద్దరు సీనియర్లు, నక్షత్రం పెట్టమన్న లీడు, డిప్లాయ్ చేసిన టీము, వీళ్ళ పేర్లేవీ రిపోర్టులో లేవు. మూడు నెలల తర్వాత వాడి అప్రైజల్లో మాత్రం ఆ లైను ఉంది.

ఎనిమిది నెలల కుర్రాడి చేతిలో ఇన్ని వేలమంది పిల్లల వివరాల తాళం పెట్టింది ఎవరు? అది తెలుసుకోకుండా "నిర్లక్ష్యం" అని తేల్చడం విచారణ కాదు, తప్పించుకోవడం.

ఇప్పుడు కొందరు పెద్దలు అడ్డం పడతారు. "జాంగో డీబగ్ పేజీ రహస్యాలని చుక్కలు పెట్టి దాస్తుంది కదా?" అని. దాస్తుంది, కొన్నిటిని. సెట్టింగు పేరులో కీ, పాస్, సీక్రెట్, టోకెన్, ఏపీఐ, సిగ్నేచర్ లాంటి మాటలుంటే ఆ విలువని దాస్తుంది. మీరు ఎస్సెమ్మెస్ పిన్ అని పేరు పెట్టారనుకోండి, దాచదు. దానికెలా తెలుస్తుంది మరి? అంతకన్నా ముఖ్యం, ఎర్రర్ వచ్చిన ఫంక్షన్లలో ఉన్న లోకల్ వేరియబుల్స్‌ని ఆ పేజీ నిలువెల్లా విప్పి చూపిస్తుంది. వాటిని దాచడానికి ఒక డెకరేటర్ ఉంది నిజమే, కానీ డీబగ్ ఆన్‌లో ఉన్నప్పుడు అది పని చెయ్యదు. పైగా డీబగ్ ఆన్‌లో ఉంటే నడిపిన ఎస్‌క్యూఎల్ క్వెరీలని కూడా జాంగో మెమరీలో దాచుకుంటూ పోతుంది. గుట్టూ పోతుంది, మెమరీ కూడా పోతుంది.

ఇంకో రకం వాళ్ళుంటారు. ప్రొడక్షన్లో డీబగ్ ఫాల్స్ చెయ్యగానే "సీఎస్‌ఎస్ పోయింది, బొమ్మలు రావట్లేదు" అని మళ్ళీ ట్రూ చేసేసి ఇంటికెళ్ళిపోతారు. రన్‌సర్వర్ కమాండు స్టాటిక్ ఫైళ్ళని వడ్డించేది డీబగ్‌లో ఉన్నంతసేపే. అది డెవలప్‌మెంట్ కోసం ఇచ్చిన సౌకర్యం. ప్రొడక్షన్లో కలెక్ట్‌స్టాటిక్ కొట్టి ఎన్జినెక్స్‌కో మరోదానికో అప్పగించాలి. ఇది నేర్చుకోవడానికి అరపూట చాలు. ఆ అరపూట బద్ధకానికి సైటు తలుపులు బార్లా తెరిచిపెట్టడం ఏ లెక్కన సబబు?

"సరే బాబూ, ఎన్విరాన్మెంట్ వేరియబుల్స్ మాత్రం భద్రమా? డాకర్ ఇన్‌స్పెక్ట్ కొడితే అన్నీ కనిపిస్తాయి, చైల్డ్ ప్రాసెస్‌లన్నిటికీ అందుతాయి" అని కాస్త లోతు తెలిసినవాళ్ళు అంటారు. ఒప్పుకుంటాను, నూటికి నూరుపాళ్ళు నిజం. ఎన్విరాన్మెంట్ వేరియబుల్ ఇనప్పెట్టె కాదు. ఇంకా గట్టి రహస్యాలకి వాల్ట్ లాంటివి వాడండి, లేదా సర్వరు మీద ఒక్క యూజరు మాత్రమే చదవగలిగే ఫైల్లో పెట్టి అక్కణ్ణించి చదవండి. నా పట్టింపు విలువ ఏ పెట్టెలోంచి వస్తుందన్న దాని మీద కాదు. అది రాకపోతే ఏం జరుగుతుందన్న దాని మీద.

మరి నువ్వేం చెయ్యమంటావ్ అంటారా? ఇదిగో, నేను ఇప్పుడున్న టీములో పట్టుబట్టి చేయిస్తున్నవి ఇవే. కొత్తగా కనిపెట్టినవేమీ కాదు.

ఒకటి. ఉండి తీరాల్సిన విలువలకి డిఫాల్టు ఉండకూడదు. గెట్ అని అడిగి పక్కన ఏదో ఒకటి పెట్టడం మానెయ్యండి. చదరపు బ్రాకెట్లలో నేరుగా అడగండి. లేకపోతే కీ ఎర్రర్ వచ్చి సర్వరు లేవనే లేవదు. లేవకపోవడమే మంచిది! డిప్లాయ్ చేస్తున్నప్పుడు పడిపోతే తిట్లు తినేది మనం. రాత్రి రెండింటికి తప్పుడు విలువలతో నడిస్తే నష్టపోయేది జనం. సీక్రెట్ కీ ఖాళీగా ఉంటే జాంగోయే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది చూశారా, ఆ బుద్ధిని మిగతా వాటికి కూడా నేర్పించండి.

రెండు. డిఫాల్టు పెట్టక తప్పని చోట భద్రమైన వైపు పెట్టండి. డీబగ్‌ని ఆన్ చెయ్యాలంటే కచ్చితంగా ఫలానా మాటే ఉండాలి, ఉదాహరణకి 1 అనే అంకె. ఇంకేమున్నా, ఏమీ లేకున్నా ఆఫ్. స్ట్రింగులని బూలియన్లుగా, లిస్టులుగా, అంకెలుగా మార్చే పని ఒకే చోట, ఒకే చిన్న ఫంక్షన్లో చెయ్యండి. దానికి నాలుగు టెస్టులు రాయండి. డబ్ల్యూఎస్‌జీఐ ఫైల్లో డిఫాల్టుగా ప్రొడక్షన్ సెట్టింగ్సే ఉండాలి. డెవలపరే "నేను లోకల్" అని చెప్పుకోవాలి.

మూడు. రహస్యాల పేర్లు గిట్‌లో ఉండాలి, విలువలు ఉండకూడదు. శాంపిల్ ఫైలు ఒకటి పెట్టి, ఏమేం కావాలో, ఒక్కోటీ ఎందుకో ఒక్క లైను రాయండి. కొత్తగా చేరినవాడికి అదే పటం. "ఇరవై వేరియబుల్స్ పెట్టుకోవడం డెవలపర్లకి కష్టం" అనేవాళ్ళకి జవాబు కూడా ఇదే. ఉత్తుత్తి విలువలతో లోకల్ ఫైలు తయారుచేసే స్క్రిప్టు రాసి పెడితే ఒక కమాండుతో పనైపోతుంది.

నాలుగు. తాళాలు మార్చడం అలవాటు చేసుకోండి. "సీక్రెట్ కీ మారిస్తే అందరూ లాగౌట్ అయిపోతారు" అన్న సాకు ఇప్పుడు చెల్లదు. 2022 ఆగస్టులో వచ్చిన 4.1 వెర్షన్లో సీక్రెట్ కీ ఫాల్‌బ్యాక్స్ అని ఇచ్చారు. పాత కీని కొన్నాళ్ళు అందులో ఉంచి కొత్తదానికి మారిపోవచ్చు. ఆ కీ ఎందుకంత ముఖ్యమో తెలియనివాళ్ళ కోసం: సంతకం చేసిన కుకీలు, పాస్‌వర్డ్ రీసెట్ లింకుల టోకెన్లు, ఇవన్నీ దాని మీదే నిలబడతాయి. సెషన్లని సైన్డ్ కుకీల్లో, పికిల్ సీరియలైజరుతో దాచే పాత సైట్లలో ఆ కీ ఒక్కటి దొరికితే దొంగ మీ సర్వరు మీద తన కోడే నడిపించగలడు. అందుకే 2023 డిసెంబరులో వచ్చిన 5.0లో ఆ పికిల్ సీరియలైజరునే తీసిపారేశారు. మీ సైటు ఇంకా ఏ వెర్షన్లో ఉందో ఒకసారి చూసుకోండి :)

ఐదు. చెక్ కమాండుకి డిప్లాయ్ అన్న ఆప్షన్ ఇచ్చి నడపండి. 2015లో వచ్చిన 1.8 వెర్షన్ నుంచీ ఉంది ఇది. డీబగ్ ఆన్‌లో ఉందా, కుకీలు సెక్యూర్ కాదా, ఎలౌడ్ హోస్ట్స్ ఖాళీయా, సీక్రెట్ కీ ఇంకా జాంగో ఇన్‌సెక్యూర్ అని మొదలయ్యే పుట్టుపేరుతోనే ఉందా, అన్నీ చెబుతుంది. పైన చెప్పిన ఫాల్స్ స్ట్రింగు దోషాన్ని కూడా పట్టేస్తుంది, ఎందుకంటే అది చూసేది కూడా ఆ విలువ సత్యమా కాదా అనే. కానీ ఒక మెలిక. ఇవన్నీ హెచ్చరికలే కాబట్టి కమాండు సక్సెస్ అనే తిరిగొస్తుంది, మీ పైప్‌లైను ముందుకెళ్ళిపోతుంది. ఫెయిల్ లెవెల్ వార్నింగ్ అని విడిగా చెబితేనే ఆపుతుంది. నడపాల్సింది కూడా ప్రొడక్షన్ విలువలతోనే, మీ ల్యాప్‌టాప్ విలువలతో కాదు. హోస్టుల్లో నక్షత్రాన్ని మాత్రం ఇది పట్టదు, దానికి మీరే ఒక చెక్ రాసుకోవాలి. పది లైన్ల పని.

ఈ ఐదూ చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? మామూలు ప్రాజెక్టుకి రెండు రోజులు. "అంత టైము లేదు, క్లయింటు ఒప్పుకోడు, మనది చిన్న ప్రాజెక్టు" అన్న పాత పాటలు నాకూ వచ్చు. ప్రాజెక్టు చిన్నది సరే, అందులో ఉన్న మనుషులు చిన్నవాళ్ళా? హాస్పిటల్ అపాయింట్‌మెంట్లు, చిట్టీల లెక్కలు, పెళ్ళి సంబంధాల బయోడేటాలు, ఫీజు రసీదులు.. మన "చిన్న" ప్రాజెక్టుల్లో ఉండేవి ఇవే. ఒక ఆడపిల్ల ఫోను నంబరు, ఇంటి అడ్రసు పసుపు పచ్చ పేజీలో బయటికొస్తే జరిగే నష్టానికి ప్రాజెక్టు బడ్జెట్‌తో సంబంధం లేదు.

పోనీ మనుషుల సంగతి పట్టకపోతే డబ్బు సంగతైనా చూడండి. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఆ మాట మేనేజరుకి మెయిల్లో రాసి పంపండి. రెండు రోజుల టైము దానంతటదే దొరుకుతుంది.

లీడులకీ ఆర్కిటెక్టులకీ నాదొక మాట. సెట్టింగ్స్ ఫైలు మీ బాధ్యత. ఫ్రెషర్ది కాదు. వాడు తప్పు రాస్తాడు, రాయాలి కూడా, అలాగే నేర్చుకుంటాడు. వాడు రాసిన తప్పు ప్రొడక్షన్ దాకా నోరెత్తకుండా నడిచి వెళ్ళగలిగిందంటే ఆ దారి వేసింది మీరు. అడ్డంగా ఒక గేటు పెట్టకుండా, జరిగాక వాడి పేరు రిపోర్టులో రాస్తే అది నాయకత్వం కాదు, అత్త మీద కోపం దుత్త మీద చూపించడం.

ఫ్రెషర్లకి కూడా ఒక మాట. "ఎవరో పెట్టారులే" అన్న ఫైలుని ఒకసారి మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదవండి. ప్రతి లైనుకీ "ఈ విలువ లేకపోతే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు తెలియకపోతే సీనియర్‌ని అడగండి. ఆయనకీ తెలియకపోతే సంతోషించండి, మీ ప్రాజెక్టులో మొదటి నిజమైన దోషం దొరికినట్టే.

నాతో ఏకీభవించని వాళ్ళు ఉంటారని తెలుసు. ముఖ్యంగా ఆ ట్రై, పాస్ పద్ధతిని పదేళ్ళుగా వాడుతూ "మాకేం కాలేదే" అనేవాళ్ళు. మీకేం కాలేదో, అయినా తెలియలేదో, రెండిట్లో ఏదో ఎలా తేల్చారు మరి? ఆ పద్ధతి చేసే పనే తెలియకుండా చెయ్యడం కదా. దానికి జవాబుంటే చెప్పండి, వినడానికి నేను సిద్ధం. లేకపోతే రేపు పొద్దున ఆ పాస్ అన్న లైను తీసేసి సర్వరుని ఒకసారి లేపి చూడండి. అరిస్తే అరవనివ్వండి.